ములుగు ప్రాంత తాగునీటిలో ఏకకణ పరాన్నజీవుల పర్యవేక్షణ: చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

తాగునీటి ద్వారా వ్యాపించే వ్యాధికారకాలలో బ్యాక్టీరియాకు ఉన్న గుర్తింపు ఏకకణ పరాన్నజీవులైన ప్రోటోజోవాలకు లేదు. భారతీయ తాగునీటి ప్రమాణం 2012 నుంచి క్రిప్టోస్పోరిడియం, జియార్డియా అనే రెండు జీవులు 10 లీటర్ల నీటిలో ఒక్కటి కూడా ఉండరాదని చెబుతున్నది. గ్రామస్థాయిలో జరిగే నీటి పరీక్షలు మాత్రం కోలిఫాం బ్యాక్టీరియా, క్లోరిన్ శేషం దగ్గరే ఆగుతున్నాయి. ములుగు ప్రాంతంలో చెరువులు, చెలిమెల నుంచి బోరు నీటికి, అక్కడి నుంచి మళ్ళీ నదీజలానికి జరిగిన మార్పుల నేపథ్యంలో ఈ అంతరాన్ని పరిశీలించడం ఈ వ్యాసం లక్ష్యం. నీటి ఆధారం మారిన ప్రతిసారీ ప్రమాదం కూడా మారిందనీ, పర్యవేక్షణ పద్ధతి మాత్రం అదే వేగంతో మారలేదనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తున్నది.

కీలకపదాలు: ములుగు, తాగునీరు, క్రిప్టోస్పోరిడియం, జియార్డియా, నారికురుపు, ఇసుక వడపోత, మిషన్ భగీరథ, భారతీయ ప్రమాణం 10500.

1. ఉపోద్ఘాతం

పూర్వపు వరంగల్ జిల్లాలో భాగమైన ములుగు 2019 ఫిబ్రవరి 17న ప్రత్యేక జిల్లాగా ఏర్పడింది. ఒకవైపు గోదావరి, మరోవైపు కాకతీయుల కాలంనాటి చెరువులు, నడుమ ఏటూరునాగారం, తాడ్వాయి అడవులు ఈ ప్రాంతపు నైసర్గిక స్వరూపం. రెండేళ్ళకొకసారి మాఘ పౌర్ణమి వేళ జరిగే మేడారం సమ్మక్క-సారలమ్మ జాతరకు లక్షలాది జనం వచ్చి జంపన్న వాగులో స్నానం చేస్తారు. నీరు సమృద్ధిగా కనిపించే ఈ నేలపై తాగునీటి చరిత్రను రాసేటప్పుడు నీటి పరిమాణమే ప్రధానాంశంగా నిలుస్తూ వచ్చింది. చెరువు విస్తీర్ణం, కాలువ పొడవు, ఆయకట్టు లెక్కలు విరివిగా దొరుకుతాయి. ఆ నీటిలో కంటికి కనిపించని జీవుల చరిత్ర అంతగా చర్చకు రాలేదు.

తాగునీటికి సంబంధించిన వ్యాధికారకాలు స్థూలంగా నాలుగు రకాలు: బ్యాక్టీరియా, వైరస్‌లు, ప్రోటోజోవాలు, పురుగు జాతి పరాన్నజీవులు. కలరా, టైఫాయిడ్ మొదటి వర్గానికి చెందినవి. బంక విరేచనాలను కలిగించే ఎంటమీబా హిస్టోలైటికా, దీర్ఘకాలం అజీర్తి విరేచనాలను కలిగించే జియార్డియా, పసిపిల్లలనూ రోగనిరోధక శక్తి తగ్గినవారినీ తీవ్రంగా బాధించే క్రిప్టోస్పోరిడియం మూడవ వర్గంలోనివి. ఈ మూడవ వర్గాన్ని నీటిలో కనిపెట్టడం కష్టం, క్లోరిన్‌తో చంపడం మరింత కష్టం. నీటి నియంత్రణ చరిత్రలో ఇవి ఆలస్యంగా చోటు సంపాదించుకోవడానికి ఈ రెండూ ముఖ్య కారణాలు.

2. చెరువు, చెలిమె, బావి

కాకతీయుల పాలనలో చెరువు, గుడి, ఊరు ఒకదానితో ఒకటి ముడిపడి పెరిగాయి. గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటలో నిర్మించిన రుద్రేశ్వరాలయం, దాని చెంతనున్న రామప్ప చెరువు ఇందుకు ప్రసిద్ధ నిదర్శనాలు. గోవిందరావుపేట మండలంలోని లక్నవరం చెరువు కూడా ఆ కాలపు వారసత్వమే. ఈ చెరువులు ప్రధానంగా సాగునీటి కోసం నిర్మించినవి. అదే నీటిలో పశువులు దిగేవి, బట్టలు ఉతికేవారు, చుట్టూ ఉన్న నేలంతా వానకు కడిగిపోయి అందులోకే చేరేది. కాబట్టి తాగడానికి జనం నేరుగా చెరువు నీటి మీద కాక, చెరువు కట్ట దిగువన ఊట ఊరే బావుల మీద ఆధారపడటం తెలుగు గ్రామాలలో సాధారణంగా కనిపించే అలవాటు. చెరువు నీరు మట్టి, ఇసుక పొరల గుండా వడకట్టబడి బావిలోకి చేరడం వల్ల అది తేటగా ఉండేది.

వాగుల వెంట ఉండే గూడేలలో చెలిమె ఇదే సూత్రం మీద పనిచేసింది. పారే నీటిని ముంచుకోకుండా, వాగు ఒడ్డున ఇసుకలో గుంత తవ్వి, మొదట ఊరిన మడ్డి నీటిని తోడిపోసి, తరువాత ఊరిన తేట నీటిని కుండకు పట్టడం చెలిమె పద్ధతి. ఇసుక రేణువుల మధ్య సందులలో నీరు మెల్లగా కదిలేటప్పుడు సూక్ష్మజీవులలో చాలా భాగం అక్కడే చిక్కుకుంటాయి. 1829లో లండన్‌లో జేమ్స్ సింప్సన్ నిర్మించిన మందగతి ఇసుక వడపోత కేంద్రం ఆధునిక నీటి శుద్ధికి నాంది అని శాస్త్ర చరిత్రలు పేర్కొంటాయి. ఆ కేంద్రంలోని మూలసూత్రమే చెలిమెలోనూ ఉంది. అయితే చెలిమెకు రక్షణ గోడ లేదు. వరద వచ్చినా, పక్కనే పశువులు తిరిగినా అది కలుషితమవుతుంది.

మడ్డి నీటిని తేర్చడానికి చిల్లగింజను వాడటం మరొక సంప్రదాయ పద్ధతి. సంస్కృత వైద్యగ్రంథాలు దీనిని కతకమని పిలిచాయి. గింజను కుండ లోపలి అంచుకు అరగదీస్తే నీటిలోని సన్నని మన్ను రేణువులు ఒకదానికొకటి అంటుకుని అడుగుకు దిగుతాయి. నేటి శుద్ధి కేంద్రాలలో పటిక చేసే పని ఇదే. మన్నుతో పాటు సూక్ష్మజీవులు కూడా కొంతవరకు దిగిపోతాయి. కాబట్టి ఈ పద్ధతి నీటిని తేటపరచడంతో పాటు ప్రమాదాన్ని కొంత తగ్గించింది, పూర్తిగా తొలగించలేదు.

3. ఏకకణ జీవుల గుర్తింపు

1681లో డచ్ పరిశీలకుడు లీవెన్‌హుక్ తన మలంలోనే కదిలే సూక్ష్మజీవులను చూశాడు. అవి నేటి జియార్డియాలని శాస్త్రజ్ఞులు భావిస్తున్నారు. 1875లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో లోష్ అనే వైద్యుడు విరేచనాల రోగిలో అమీబాను గుర్తించాడు. 1903లో షాడిన్ దానికి హిస్టోలైటికా అనే పేరు పెట్టాడు. భారతదేశంలో ఈ వ్యాధి చికిత్సకు 1912లో కలకత్తాలో లియొనార్డ్ రోజర్స్ ఎమెటిన్‌ను ప్రవేశపెట్టడం కీలక ఘట్టం. క్రిప్టోస్పోరిడియంను అమెరికా శాస్త్రజ్ఞుడు టైజర్ 1907లో ఎలుకలలో వర్ణించాడు. అది మనుషులకు సోకుతుందన్న సంగతి 1976 వరకు వెలుగులోకి రాలేదు. 1980వ దశకంలో ఎయిడ్స్ రోగులలో అది ప్రాణాంతకంగా పరిణమించిన తరువాతే వైద్యలోకం దృష్టి దానిపై నిలిచింది.

ఏకకణ పరాన్నజీవుల శాస్త్రంలో తెలుగు నేలకు విశిష్ట స్థానం ఉంది. మలేరియా కారకం కూడా ప్రోటోజోవానే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో ఆ పరాన్నజీవి దశను గుర్తించాడు. ఆ తరువాత రక్తపరీక్ష, దోమల నియంత్రణ, కేసుల నమోదు అనే మూడంచెల పర్యవేక్షణ వ్యవస్థ మలేరియాకు ఏర్పడింది. అటవీ గూడేలలో సైతం జ్వరం వచ్చినవారి రక్తపు చుక్క గాజు పలక మీదికి ఎక్కింది. నీటి ద్వారా వచ్చే ప్రోటోజోవాలకు అటువంటి వ్యవస్థ ఏర్పడలేదు. విరేచనాలు అన్న ఒక్క మాట కింద బ్యాక్టీరియా, వైరస్, ప్రోటోజోవా వ్యాధులన్నీ కలిసిపోయాయి.

4. నారికురుపు నిర్మూలన

నీటిలోని పరాన్నజీవిపై భారతదేశం సాధించిన స్పష్టమైన విజయం నారికురుపు నిర్మూలన. నారికురుపు కారకం ప్రోటోజోవా కాదు, పొడవాటి పురుగు. అయినా దాని చరిత్ర ఈ చర్చకు అత్యంత ఉపయుక్తం. దిగుడుబావిలోకి మనిషి కాళ్ళతో దిగినప్పుడు పుండు నుంచి పురుగు తన పిల్లలను నీటిలోకి వదులుతుంది. సైక్లాప్స్ అనే చిన్న నీటిజీవి వాటిని మింగుతుంది. ఆ నీటిని తాగిన మనిషి శరీరంలో సుమారు ఏడాదికి పురుగు బయటపడుతుంది. జాతీయ నిర్మూలన కార్యక్రమం 1983-84లో మొదలైనప్పుడు ఆంధ్రప్రదేశ్ ఈ వ్యాధి ఉన్న ఏడు రాష్ట్రాలలో ఒకటి. దేశంలో చివరి కేసు 1996 జూలైలో రాజస్థాన్‌లో నమోదైంది. 2000 ఫిబ్రవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశాన్ని నారికురుపు రహిత దేశంగా ధ్రువీకరించింది.

ఈ విజయం సాధించిన తీరు గమనార్హం. ప్రతి బావి నీటినీ ప్రయోగశాలకు పంపి పరీక్షించడం వల్ల ఇది సాధ్యపడలేదు. దిగుడుబావులను చేదబావులుగా మార్చారు. నీటిని బట్టతో వడకట్టుకొమ్మని ఇంటింటికీ చెప్పారు. సైక్లాప్స్‌ను చంపే మందును నీటిలో కలిపారు. ఇల్లిల్లూ తిరిగి రోగులను వెతికారు, కేసును తెలియజేసినవారికి బహుమతి ఇచ్చారు. అంటే నీటికీ మనిషికీ మధ్య అడ్డుకట్టలు కట్టి, ఆ అడ్డుకట్టలు పనిచేస్తున్నాయో లేదో మనుషుల ఆరోగ్యాన్ని బట్టి కనిపెట్టారు.

ఈ పద్ధతిని యథాతథంగా ప్రోటోజోవాలకు అన్వయించడం కుదరదు. సైక్లాప్స్ బట్టకు చిక్కేంత పెద్దది. క్రిప్టోస్పోరిడియం ఊసిస్టు అనే గట్టి పెంకు దశ పరిమాణం 4 నుంచి 6 మైక్రాన్లు మాత్రమే. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. జియార్డియా సిస్టు దానికి సుమారు రెట్టింపు ఉంటుంది. ఏ చీర కొంగూ వీటిని ఆపలేదు. పైగా నారికురుపు కాలి మీద కంటికి కనిపిస్తుంది. క్రిప్టోస్పోరిడియం విరేచనాలకు అలాంటి బయటి గుర్తు ఏదీ ఉండదు. అయినప్పటికీ అడ్డుకట్ట, మనుషులపై నిఘా అనే రెండు సూత్రాలు రెండింటికీ సమానమే.

5. బోరు నీటి కాలం

1966-67 బీహారు కరువు అనంతరం యునిసెఫ్ సహకారంతో గట్టి రాతి నేలలో బోర్లు వేసే యంత్రాలు దేశంలోకి వచ్చాయి. 1970వ దశకం చివర రూపొందిన ఇండియా మార్క్-2 చేతిపంపు గ్రామీణ నీటి సరఫరా రూపాన్ని మార్చివేసింది. కేంద్ర ప్రభుత్వం 1972-73లో ప్రారంభించిన త్వరిత గ్రామీణ నీటి సరఫరా కార్యక్రమం, 1986లో ఏర్పడిన జాతీయ తాగునీటి మిషన్ ఈ మార్పుకు ఊతమిచ్చాయి. తెలంగాణ పల్లెలలో బోరింగు అన్న మాట ఊరి నడిమి కూడలికి పర్యాయపదమైంది.

ప్రోటోజోవాల దృష్టితో చూస్తే ఇది పెద్ద ముందడుగు. లోతైన పొరల నుంచి వచ్చే నీరు మట్టి, శిథిల శిలల గుండా చాలాకాలం ప్రయాణించి వస్తుంది కాబట్టి అందులో ఊసిస్టులు ఉండే అవకాశం బాగా తక్కువ. పంపు చుట్టూ వేసిన సిమెంటు గద్దె పగిలిపోకుండా ఉంటే ఆ రక్షణ నిలుస్తుంది. అయితే రాతి పొరలు సూక్ష్మజీవులను ఆపినట్లు ఫ్లోరైడును ఆపలేదు, పైగా అవే దానిని నీటిలోకి విడిచాయి. ఫ్లోరోసిస్‌ను దేశంలో 1937లో నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లాలో వైద్యులు వర్ణించారు. తరువాతి దశాబ్దాలలో నల్లగొండ జిల్లా ఈ బాధకు ప్రతీకగా నిలిచింది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించిన ఫ్లోరైడు తొలగింపు పద్ధతికి నల్లగొండ పద్ధతి అనే పేరే స్థిరపడింది.

ఈ దశలోనే నీటి నాణ్యత అంటే రసాయనాల లెక్క అన్న అవగాహన ప్రభుత్వ యంత్రాంగంలో బలపడింది. ఫ్లోరైడు, నైట్రేటు, ఇనుము, కఠినత్వం కొలిచే పనిముట్లు, శిక్షణ పొందిన సిబ్బంది జిల్లాలకు చేరారు. సూక్ష్మజీవుల కోసం కోలిఫాం పరీక్ష, గ్రామాలలో నల్లరంగుకు మారే హైడ్రోజన్ సల్ఫైడ్ సీసా పరీక్ష వాడుకలోకి వచ్చాయి. బోరు నీటికి ఇవి చాలావరకు సరిపోయాయి.

6. మళ్ళీ నదీజలం వైపు

తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత చేపట్టిన మిషన్ భగీరథ పథకం 2016 ఆగస్టు 7న గజ్వేల్ సమీపంలోని కోమటిబండలో ప్రారంభమైంది. గోదావరి, కృష్ణా నదుల నుంచీ జలాశయాల నుంచీ నీటిని తీసుకుని, శుద్ధి చేసి, గొట్టాల ద్వారా ప్రతి ఇంటి నల్లాకు అందించడం దీని ఉద్దేశం. గ్రామాలలో మనిషికి రోజుకు 100 లీటర్లు లక్ష్యంగా నిర్ణయించారు. 2019 ఆగస్టు 15న కేంద్రం ప్రకటించిన జల్ జీవన్ మిషన్ కూడా ఇంటింటి నల్లానే లక్ష్యంగా పెట్టుకుంది. ఫ్లోరైడు బాధ నుంచి పల్లెలను బయటపడవేయడానికి, వేసవిలో బోర్లు ఎండిపోయే కష్టాన్ని తీర్చడానికి ఉపరితల జలం వైపు మళ్ళడం సహేతుకమైన నిర్ణయం.

ఈ మార్పుతో ప్రోటోజోవాల ప్రశ్న మళ్ళీ ముందుకు వచ్చింది. గోదావరి ఏటూరునాగారం చేరేలోగా నాసిక్, నాందేడ్, బాసర, మంచిర్యాల, రామగుండం వంటి పట్టణాలను దాటుతుంది. పట్టణాల మురుగు, గట్ల మీది పశువుల పేడ, పొలాల వరద అందులో కలుస్తాయి. క్రిప్టోస్పోరిడియంలో మనుషులకు సోకే ఒక ముఖ్యమైన జాతి లేగదూడలలో విస్తారంగా ఉంటుంది. వ్యాధి సోకిన మనిషి లేదా దూడ మలంలో ఊసిస్టులు కోట్ల సంఖ్యలో వెలువడతాయి. పదో ఇరవయ్యో ఊసిస్టులు కడుపులో చేరినా వ్యాధి సోకవచ్చు. బోరు నీటిలో భూమి ఉచితంగా చేసిపెట్టిన వడపోతను నదీజలం విషయంలో శుద్ధి కేంద్రమే చేయవలసి వస్తుంది.

క్లోరిన్ పరిమితిని ఇక్కడ వివరంగా చూడాలి. లీటరుకు 1 మిల్లీగ్రాము స్వేచ్ఛా క్లోరిన్ ఇ.కొలై బ్యాక్టీరియాను నిమిషంలోపే నిర్వీర్యం చేస్తుంది. జియార్డియాకు సుమారు 45 నిమిషాలు కావాలి. క్రిప్టోస్పోరిడియంలో 99.9 శాతాన్ని నిర్వీర్యం చేయడానికి అదే మోతాదులో 15,300 నిమిషాలు, అంటే పదిన్నర రోజులకు పైగా పడుతుందని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం లెక్క. భారతీయ ప్రమాణం ప్రకారం నల్లా దగ్గర ఉండవలసిన కనీస క్లోరిన్ శేషం 0.2 మిల్లీగ్రాములు. ఆ మోతాదుకు ఈ లెక్కను అన్వయిస్తే దాదాపు 53 రోజులు. ఓవర్‌హెడ్ ట్యాంకులో నీరు నిలిచేది గంటలే. కాబట్టి క్లోరిన్ శేషం సరిగ్గా ఉంది, ఇ.కొలై లేదు అన్న రెండు అంశాలు కలిసినా క్రిప్టోస్పోరిడియం లేదని రుజువు కాదు.

7. నియమాల పరిణామం

ప్రోటోజోవాలను నియమాల పరిధిలోకి తెచ్చిన సంఘటనలలో ప్రధానమైనది 1993 వసంతంలో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జరిగింది. నగరంలోని ఒక శుద్ధి కేంద్రంలో వడపోత దెబ్బతిన్నది. నీటి మడ్డితనాన్ని తెలిపే టర్బిడిటీ పెరిగింది. సుమారు 4,03,000 మంది విరేచనాల పాలయ్యారని అంచనా. ఆ నీటిలో క్లోరిన్ లోపం లేదు. అమెరికా పర్యావరణ రక్షణ సంస్థ 1989లోనే ఉపరితల జలాలకు వడపోతను తప్పనిసరి చేసే నియమాన్ని తెచ్చింది. మిల్వాకీ అనంతరం 1998లో వడపోత నీటి టర్బిడిటీ పరిమితిని 0.3 యూనిట్లకు బిగించింది. 2006 నాటి నియమం ప్రకారం పెద్ద సరఫరా వ్యవస్థలు తమ ముడి నీటిని 24 నెలల పాటు నెలనెలా క్రిప్టోస్పోరిడియం కోసం పరీక్షించి, ఫలితాన్ని బట్టి అదనపు శుద్ధి చేపట్టాలి. చిన్న వ్యవస్థలు ముందు చవకైన ఇ.కొలై పరీక్ష చేసి, అది హెచ్చరించినప్పుడే క్రిప్టోస్పోరిడియం పరీక్షకు వెళ్ళవచ్చు. చిన్న ఊరి శక్తిని దృష్టిలో ఉంచుకున్న సడలింపు ఇది.

ఇంగ్లండ్ మరో మార్గంలో నడిచింది. 1989లో స్విండన్, ఆక్స్‌ఫర్డ్‌షైర్ ప్రాంతాలలో వ్యాధి వ్యాపించింది. 1999లో వచ్చిన నిబంధనలు ప్రమాదం ఉన్న శుద్ధి కేంద్రాలలో రాత్రింబవళ్ళు నమూనా సేకరించాలనీ, సగటున 10 లీటర్లకు ఒక ఊసిస్టు పరిమితిని దాటితే నేరమనీ నిర్దేశించాయి. ఎనిమిదేళ్ళ తరువాత, 2007లో, ఆ నిరంతర సేకరణ నిబంధనను తొలగించి, నీటి మూలం నుంచి నల్లా వరకు ప్రతి అంచెలో ప్రమాదాన్ని అంచనా వేసే పద్ధతిని ఎంచుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2004 నాటి మార్గదర్శకాలలో ప్రతిపాదించిన నీటి భద్రతా ప్రణాళిక సారాంశం కూడా ఇదే. అంతిమంగా నల్లా నీటిలో జీవిని లెక్కించడం కంటే, దానిని ఆపవలసిన అడ్డుకట్టలను నిత్యం కనిపెట్టుకుని ఉండటం ముఖ్యమని అనుభవం చెప్పింది.

భారతదేశంలో తాగునీటి ప్రమాణం 10500 మొదట 1983లో వెలువడి, 1991లోనూ 2012లోనూ సవరణకు లోనైంది. 2012 ప్రతి ప్రకారం క్రిప్టోస్పోరిడియం, జియార్డియా 10 లీటర్ల నీటిలో ఉండరాదు. పరీక్షకు అమెరికా సంస్థ రూపొందించిన 1622, 1623 పద్ధతులను లేదా అంతర్జాతీయ ప్రమాణం 15553ను అనుసరించాలి. టర్బిడిటీకి కోరదగిన పరిమితి 1 యూనిట్, వేరే ఆధారం లేనప్పుడు 5 యూనిట్ల వరకు అనుమతి. అయితే ప్రభుత్వ నీటి సరఫరాకు ఈ ప్రమాణం మార్గదర్శకమే తప్ప, తప్పితే శిక్షించే చట్టం కాదు. 2013లో కేంద్రం వెలువరించిన ఏకరూప పర్యవేక్షణ విధానం, 2021 నాటి జల్ జీవన్ మిషన్ పర్యవేక్షణ చట్రం గ్రామీణ ప్రయోగశాలలకు నిర్దేశించిన ప్రాథమిక పరీక్షాంశాలలో టర్బిడిటీ, ఫ్లోరైడు, నైట్రేటు, క్లోరిన్ శేషం, కోలిఫాం, ఇ.కొలై వంటివి ఉన్నాయి. ఏడాదికి ఒకసారి రసాయన పరీక్ష, వానలకు ముందూ తరువాతా కలిపి రెండుసార్లు బ్యాక్టీరియా పరీక్ష జరపాలి. ప్రోటోజోవాలు ఈ నిత్య పరీక్షలలో చేరలేదు.

8. పది లీటర్ల పరీక్ష స్వభావం

ఈ అంతరాన్ని నిర్లక్ష్యం అన్న ఒక్క మాటతో తేల్చివేయడం సరికాదు. బ్యాక్టీరియా పరీక్షకు వంద మిల్లీలీటర్ల నీరు, పోషక ద్రవం, ఒక రాత్రి పొదిగే పెట్టె చాలు. జీవించి ఉన్న బ్యాక్టీరియా తనంతట తాను పెరిగి కంటికి కనిపిస్తుంది. ప్రోటోజోవా ఊసిస్టు నీటిలో పెరగదు. 10 లీటర్ల నీటిని ప్రత్యేక వడపోత గొట్టం గుండా పంపి, చిక్కినదాన్ని కడిగి, వేగంగా తిప్పి అడుగుకు చేర్చి, ప్రతిదేహాలు పూసిన అయస్కాంత గుళికలతో ఊసిస్టులను వేరుచేసి, ఆకుపచ్చగా మెరిసే రంగు పట్టించి, ప్రతిదీప్తి సూక్ష్మదర్శినిలో ఒక్కొక్కటిగా లెక్కించాలి. గుళికలు, రంగులు ఖరీదైనవి. చూసే కన్నుకు దీర్ఘ శిక్షణ కావాలి. ఇంత చేసినా నీటిలో ఉన్న ఊసిస్టులలో కొంత భాగం పరీక్షలో జారిపోతుంది. దొరికినది బతికి ఉందో లేదో ఈ పద్ధతి చెప్పలేదు. ఫలితం వచ్చేసరికి ఆ నీటిని ఊరు తాగేసి ఉంటుంది.

కాబట్టి గ్రామ నల్లా దగ్గర ఈ పరీక్ష జరగకపోవడం పెద్ద లోపం కాదు. ముడి నీటికి, శుద్ధి కేంద్రానికి ఈ ప్రమాణాన్ని అన్వయించే క్రమం లేకపోవడమే అసలు లోపం. సున్నా అన్న అంకె ప్రమాణ పత్రంలో ఉంది. ఆ సున్నాను ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూడాలి, తేడా వస్తే ఎవరికి చెప్పాలి అన్న క్రమం మాత్రం ఏర్పడలేదు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పదకొండవ షెడ్యూలులో తాగునీటిని పంచాయతీల అంశాలలో చేర్చింది. ప్రమాణం ఢిల్లీలో తయారవుతుంది, శుద్ధి కేంద్రం రాష్ట్ర యంత్రాంగం చేతిలో ఉంటుంది, నల్లా దగ్గర జవాబు చెప్పవలసిన బాధ్యత పంచాయతీ మీద పడుతుంది.

నీటి మూలాన్ని కాపాడే విషయంలో తెలంగాణలో ఒక పూర్వోదాహరణ ఉంది. 1908 మూసీ వరద అనంతరం నిర్మించిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల పరీవాహక ప్రాంతంలో కాలుష్య పరిశ్రమలను నిషేధిస్తూ 1996లో 111వ నంబరు ఉత్తర్వు వచ్చింది. ఆ జలాశయాలకు సంబంధించిన వివాదంలోనే సుప్రీంకోర్టు 1999, 2000 సంవత్సరాల తీర్పులలో పరిశుభ్రమైన తాగునీటిని జీవించే హక్కుతో ముడిపెట్టింది. రాజధాని నగరపు నీటి కోసం జరిగిన ఈ చర్చ పల్లెల నీటి మూలాల వరకు విస్తరించవలసి ఉంది.

9. ములుగుకు అన్వయం

2023 జూలై 26-27 తేదీలలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో 24 గంటలలో 649.8 మిల్లీమీటర్ల వర్షం నమోదైంది. తెలంగాణలో అప్పటివరకు ఎన్నడూ నమోదు కానంత వర్షమది. జంపన్న వాగు పొంగి ఏటూరునాగారం మండలం కొండాయి గ్రామాన్ని ముంచెత్తింది, ప్రాణనష్టం జరిగింది. ఇటువంటి కుంభవృష్టి వేళ ప్రోటోజోవాల ప్రమాదం మూడు విధాల పెరుగుతుంది. నేల మీది పేడ, మలం ఒక్కసారిగా వాగుల్లోకి, చెలిమెల్లోకి చేరుతుంది. ముడి నీటి మడ్డితనం పెరిగి వడపోత పొరల మీద భారం పడుతుంది. కరెంటు, గొట్టాలు దెబ్బతిన్నచోట ప్రజలు అందుబాటులో ఉన్న ఏ నీటినైనా తాగుతారు. ఏడాదికి రెండుసార్ల నీటి పరీక్షల తేదీలు వరద తేదీలతో కలవాలన్న నియమం లేదు.

పసిపిల్లల విషయంలో ఈ ప్రమాదం మరింత తీవ్రం. కోల్‌కతాతో సహా ఆసియా, ఆఫ్రికాలలోని ఏడు కేంద్రాలలో జరిగి 2013లో వెలువడిన ఒక బృహత్ అధ్యయనం, ఏడాది లోపు పిల్లల తీవ్ర విరేచనాలకు కారణాలలో రోటావైరస్ తరువాతి స్థానం క్రిప్టోస్పోరిడియందని తేల్చింది. రోటావైరస్‌కు హైదరాబాద్‌లోనే టీకా తయారై 2016 నుంచి జాతీయ కార్యక్రమంలో చేరింది. క్రిప్టోస్పోరిడియంకు టీకా లేదు. ఉన్న ఒక్క మందు నిటాజోక్సనైడ్ పోషకాహార లోపం ఉన్న పిల్లలలో ఆశించినంతగా పనిచేయదు. మళ్ళీ మళ్ళీ వచ్చే ఈ విరేచనాలు పిల్లల ఎదుగుదలను కుంటుపరుస్తాయి. టీకా లేనిచోట నీటి అడ్డుకట్టే పిల్లలకు మిగిలిన రక్షణ.

ములుగు అడవులలో ఛత్తీస్‌గఢ్ నుంచి వలస వచ్చిన గొత్తికోయల గూడేలు ఉన్నాయి. వాటిలో పలుచోట్లకు నల్లా చేరలేదు. వాగు, చెలిమె ఆ కుటుంబాలకు నేటికీ ఆధారం. నియమావళి గొట్టం ఉన్నచోట మొదలవుతుంది కాబట్టి, గొట్టం లేని గూడెం పర్యవేక్షణ పరిధికి ఆవలే ఉండిపోతుంది. ప్రమాదం ఎక్కువ ఉన్నచోటనే పరీక్ష తక్కువ జరగడం ఈ చరిత్రలోని ప్రధాన వైరుధ్యం.

పై చరిత్రను బట్టి ములుగుకు ఆచరణయోగ్యమైన క్రమం ఒకటి రూపుదిద్దుకుంటుంది. మొదటిది, శుద్ధి కేంద్రాలలో వడపోత దాటిన నీటి టర్బిడిటీని గంటగంటకూ నమోదు చేసి, ఆ లెక్కను పంచాయతీలకు అందుబాటులో ఉంచడం. టర్బిడిటీ పరీక్ష చవక, ఫలితం తక్షణం. మిల్వాకీలో తొలి హెచ్చరిక అదే. రెండవది, నది, జలాశయ ముడి నీటిని ఏడాదిలో కొన్నిసార్లయినా, ముఖ్యంగా తొలకరిలోనూ భారీ వరదల తరువాతా, రాష్ట్రస్థాయి ప్రయోగశాలలో 10 లీటర్ల పద్ధతిలో పరీక్షించడం. మూడవది, నారికురుపు కాలంలో వలె మనుషులపై నిఘా. విరేచనాలతో వచ్చిన పిల్లల మలాన్ని ఆమ్లస్థిర రంగు పద్ధతిలో పరీక్షిస్తే క్రిప్టోస్పోరిడియంను మామూలు సూక్ష్మదర్శినితోనే గుర్తించవచ్చు. క్షయ పరీక్షకు వాడే పద్ధతికి ఇది చిన్న మార్పు మాత్రమే. 2024లో ములుగులో ప్రారంభమైన ప్రభుత్వ వైద్య కళాశాల ఈ పనికి తగిన కేంద్రం కాగలదు. నాలుగవది, నల్లా లేని గూడేలలోనూ జాతర, వరద సమయాలలోనూ నీటిని మరిగించి తాగే ఏర్పాటు. క్లోరిన్‌కు లొంగని ఈ జీవులన్నీ ఒక్క నిమిషం మరుగుకు నశిస్తాయి.

10. ముగింపు

చెలిమె, ఊటబావి కాలంలో ఇసుక, మన్ను నీటిని వడకట్టాయి. బోరు కాలంలో లోతైన నేల ఆ పని చేసింది, కాని ఫ్లోరైడును వెంట తెచ్చింది. నదీజలం ఫ్లోరైడు బాధను తొలగించి, వడపోత భారాన్ని మనిషి కట్టిన కేంద్రం మీద పెట్టింది. ఈ మూడు దశలలో నీటి ఆధారం మారింది గాని, నీరు మంచిదా కాదా అని తేల్చే కొలబద్ద బోరు నాటిదే మిగిలింది. 2012 ప్రమాణంలోని పది లీటర్ల నియమం కొత్త దశకు అవసరమైన కొలబద్దను కాగితం మీద ఇచ్చింది. దానిని నల్లా దగ్గర కాక నది దగ్గర, వడపోత దగ్గర, ఆసుపత్రిలో పిల్లవాడి పరీక్ష దగ్గర అమలు చేసినప్పుడే ఆ నియమానికి అర్థం చేకూరుతుంది. నారికురుపును ఈ దేశం పారదోలిన తీరు అందుకు అవసరమైన పద్ధతిని ఇదివరకే చూపింది.